ఊరికి వెళ్లని పిల్లలు



కామాఠీపుర పేరు తెలుగు నేలనుండి వచ్చిన కామాఠీలది. ముంబయి కట్టడాలకు రాళ్లెత్తిన ఆ శ్రామికుల పేరును లోకం వేరొక అర్థంలో పలుకుతున్నది; అది వేరే విచారం. ఆ వీధులకు సమీపంలోనే బైకలా మహిళా కారాగారం ఉన్నది.

తల్లి ఖైదీ అయితే బిడ్డ గతి ఏమి? ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనే వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2006 ఏప్రిల్ 13న తీర్పు చెప్పినది. ఆరేళ్లు నిండేవరకు బిడ్డ తల్లివద్ద ఉండవచ్చును. కారాగారంలో పుట్టినట్లు జనన పత్రంలో వ్రాయరాదు. బడి రిజిస్టరులోని ఒక్క పంక్తి పసివానిని ఎంతకాలం వెంటాడునో ఆ న్యాయమూర్తులు ఎరిగినట్లే ఉన్నది.

అసలు చిక్కు ఆరేళ్ల తరువాతనే, అనగా బడి ఈడులోనే. అప్పుడు బిడ్డను తల్లి కోరిన బంధువుకో, సంక్షేమ సంస్థకో అప్పగించాలి. వేసవి రాగానే చాళ్లలోని తోటి పిల్లలు పాలమూరుకో, కరీంనగరుకో బయలుదేరుతారు. ఈ బిడ్డను పిలిచే ఊరు ఉండదు. బడిలో దొరికే భోజనమూ ఆగుతుంది.

కామాఠీపురలో 1986లో మొదలైన ప్రేరణ సంస్థ 1988లో పిల్లలకు రాత్రి సంరక్షణ కేంద్రం తెరిచినది. టాటా సమాజ విజ్ఞాన సంస్థవారి ప్రయాస్ 1990నుండి ఖైదీల కోసం పనిచేస్తున్నది. పాఠశాల చేయగలిగినది చిన్నదే: మే నెలలో తాళం పడే గదులు తెరిచి శిబిరం నడపడం. ఆ పిల్లలకే ప్రత్యేకంగా పెడితే అది మరొక ముద్ర. అందరితో కలిపి పెట్టాలి. చదువూ, ఆటా, తల్లికి తెలుగులో ఒక ఉత్తరం. ములాఖాత్ రోజున రాని పిల్లవానిని మరునాడు కారణం అడగరాదు.