దండయెముకలోని ముల్లు



పూర్వము మనవారు దండకడియము తొడిగెడి చోట లోపల నుండు నెముకను గూర్చి నేఁడు కొంచెము ముచ్చటించెదను. అమరకోశమునందు మోచేతికి మీఁది భాగము ప్రగండమనియు, క్రింది భాగము ప్రకోష్ఠమనియుఁ జెప్పఁబడినది. ప్రకోష్ఠమున రెండెముకలు; ప్రగండమున నొక్కటియే. ముప్పది యేండ్లకుఁ బైగా బాలురకు శబ్దములు వల్లింపించిన నాకు ఎముకలతోఁ బనియేమని మీరడుగవచ్చును. నా చేతి యెముకయే నాకీ పాఠము చెప్పినది.

రెండేండ్లపాటు నా కుడిచేతి బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు తిమ్మిరెక్కుచుండెను. కలము పట్టు సడలెను. ఇంటివారు వాతమని తైలములు మర్దించిరి. ఒక వైద్యుఁడు మెడయెముకలు అరిగినవనెను. మఱియొకఁడు మణికట్టుకడ నరము నలిగినదనెను. తుదకు నాయొద్దఁ జదువుకొని శస్త్రవైద్యుఁడైన శిష్యుఁడొకఁడు దండను తడవి చూచి, మోచేతి లోపలి గుబ్బకు రెండంగుళములు పైగా గట్టిగా నేదో తగులుచున్నదనెను. చేతిని ఏటవాలుగాఁ ద్రిప్పి ఎక్స్‌రే తీయింపఁగా, క్రిందికి వంగిన గులాబిముల్లు వంటి యెముక కానవచ్చెను. అంతకుముందు తిన్నగాఁ దీసిన పటమున నది కనఁబడనేలేదు.

ఇట్టి ముల్లు నూటికి ఒక్కరికి మాత్రమే యుండునఁట. పెక్కుమందికి దానివలన బాధయే యుండదు. కాని కొందఱికి ముల్లుకొన నుండి మోచేతిగుబ్బ వఱకు నారవంటి బంధమొకటి సాగి, దాని క్రిందుగా చేతికి నెత్తురు తెచ్చు పెద్ద ధమనియు, నేఁజెప్పిన వ్రేళ్లకు స్పర్శనిచ్చు నరమును దూరి పోవును. ఆ యిఱుకున నవి నలుగును. స్కాట్లండు దేశీయుఁడగు జాన్ స్ట్రదర్సను శరీరశాస్త్రజ్ఞుఁడు 19వ శతాబ్దమున దీనిని వివరించెను గనుక ఆ బంధమునకు అతని పేరే నిలిచినది. పిల్లి యెముకకు ఈ చోట నిండు రంధ్రమే కలదు. దానిగుండనే ఆ నరము పోవును.

మఱియొక విశేషము. మోచేతికడ ఈ యెముకకు ముందొక గుంట, వెనుకనొక గుంట. నడుమ పలుచని పొర. కొందఱికి ఆ పొర లేక బెజ్జముగా నుండును. స్త్రీలయందును, ఎడమచేతియందును ఇది హెచ్చు. ఎక్స్‌రేలోఁ జూచి దీనినే రోగమని భ్రమించుట కద్దు. ఇట్టివారికి మూలుగ నాళము సన్నమై యుండుటయుఁ గలదు కావున, ఎముక విఱిగి లోపల కడ్డీ వేయవలసినపుడు వైద్యుఁడు ముందుగాఁ గొలిచి చూచుకొనవలెను.

నా ముల్లును పైపొరతోఁ గూడఁ దీసివైచిరి. పొర మిగిలిన మరల మొలచునఁట. ఇపుడు వ్రాయఁగలుగుచున్నాను. చూపుడువ్రేలికొన మాత్రము నేఁటికిని మొద్దుగానే యున్నది, ఆలసించిన ఫలము.

స్ట్రదర్సు చూచిన యొక కుటుంబమునఁ దండ్రికిని, ఏడుగురు బిడ్డలలో నలుగురికిని ఈ ముల్లుండెనని డార్విను 1871లోఁ బ్రకటించిన గ్రంథమునఁ బేర్కొనెను. అది విన్ననాఁడు మా నాయనగారు జ్ఞప్తికి వచ్చిరి. వారు అఱువదియవ యేట వ్రేళ్లు మొద్దుబాఱినవని జాతకములు వ్రాయుట మానివేసిరి. మేమందఱమును ముసలితనమనుకొంటిమి. వారి దండను తడవి చూచిన వారెవ్వరును లేరు. మొన్న మా పెద్దవాని చేతిని నేనే తడవి చూచితిని.