హైదరాబాద్‌లో మా అవ్వ మాట

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9 అంటే మన హక్కుల గురించి మాట్లాడుకునే రోజు. మాట్లాడుకోవాలి కూడా. అయితే ఈసారి మేము మా ఇంటి సంగతి ఒకటి చెప్తాం. అందులో మా తప్పు కూడా ఉంది.

మా చెల్లెలి కూతురు హైదరాబాద్‌లో నర్సింగ్ చదువుతోంది. డ్యూటీలు పడి పోయిన సంక్రాంతికి ఇంటికి రాలేకపోయింది. మేమే వెళ్లి చూసొద్దామని ముగ్గురం అనుకున్నాం. గూడెంలో తెలిసింది, చుట్టాలకు తెలిసింది. బయల్దేరే రోజుకు లెక్కపెడితే 23 మందిమి! భద్రాచలం వైపు నుంచి మేము, చింతూరు నుంచి మేనత్త కుటుంబం, ఛత్తీస్‌గఢ్‌లోని కోంట నుంచి పెదనాన్న మనవలు, మనవరాళ్లు. అందరికీ పెద్ద మా అవ్వ. కొత్తగూడెంలో, అదే భద్రాచలం రోడ్ స్టేషన్‌లో, రాత్రి రైలెక్కి తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో దిగాం.

సిటీ బస్సెక్కగానే మొదటి ముచ్చట. కండక్టరు ఆధార్ కార్డులు అడిగింది. తెలంగాణ ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి ప్రయాణం ఉచితం కదా, మాకందరికీ జీరో టికెట్లు కొట్టింది. మేనత్త కార్డు మీద ఆంధ్రప్రదేశ్ చిరునామా ఉంది, టికెట్ కొనాల్సి వచ్చింది. మేనత్తకు అర్థం కాలేదు. "ఒకే ఖమ్మం జిల్లా వాళ్లం గదా, నేనెప్పుడు పరాయిదాన్నయ్యాను?" అంది. 2014లో పోలవరం కోసం ఏడు మండలాలను అటు కలిపారని బస్సులో నిలబడే వివరించాం. మేనత్త తన ఊరు దాటలేదు. రాష్ట్రమే మారిపోయింది.

1591లో కట్టిన చార్మినార్ చూశాం. పిల్లలు ఫొటోలు దిగారు, గాజులు బేరమాడారు. తిరిగొస్తుంటే నయాపూల్ దగ్గర అవ్వకు దాహమేసింది. టీ బండి అతన్ని "ఏరు" అని అడిగింది. మన కోయలో ఏరు అంటే నీళ్లే కదా. అతనికి తెలిసింది తెలుగు ఏరు. "ఏరా? అదిగోనమ్మా, మూసీ!" అని చెయ్యి చూపించాడు. అందరం నవ్వాం, అవ్వ కూడా నవ్వింది. నర్సింగ్ పిల్ల మాత్రం నవ్వలేదు. ముఖం ఎర్రబడింది. "అవ్వా, ఇక్కడ మన మాట వద్దు. తెలుగులో మాట్లాడు" అని చెవిలో చెప్పింది.

ఆ మాట మాకు గుచ్చుకుంది. ఎందుకంటే అది ఆ పిల్ల మాట కాదు, మా మాట. అయిదో తరగతి నుంచి ఆమె మా హాస్టల్లోనే పెరిగింది. భోజనాల వరుసలో, చదువు గంటలో "కోయ వద్దు, తెలుగులో మాట్లాడండి" అని రోజూ అన్నది మేమే. పిల్లలు బడిలో వెనకబడకూడదనే అన్నాం. కానీ వాళ్లకు అందింది వేరే పాఠం. మన మాట నలుగురిలో దాచుకోవాల్సిందని అర్థమైంది.

తర్వాత గోల్కొండ వెళ్లాం. కింద ద్వారం దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినిపిస్తాయి. మా పిల్లలు సగం మంది పైకెక్కి, సగం మంది కింద నిలబడి పరీక్షించారు. రామదాసు చెరసాల దగ్గర కోంట పిల్లలు ఆగిపోయారు. వాళ్లు చదివేది హిందీ, భద్రాద్రి కథ వాళ్ల పుస్తకాల్లో లేదు. మా పిల్లలు తెలుగులో చెప్తే వాళ్లకు ఎక్కలేదు. అప్పుడు అవ్వ గోడకానుకుని కూర్చుని కోయలో మొదలుపెట్టింది. తానీషాతో కాదు, గోపన్నతోనూ కాదు, దమ్మక్కతో మొదలుపెట్టింది. అడవిలో రాముడి విగ్రహాలను మొదట చూసింది దమ్మక్కేనని మన దగ్గర చెప్పుకుంటాం కదా. మూడు రాష్ట్రాల పిల్లలు చుట్టూ కూర్చుని విన్నారు. మా పిల్లలకు కొన్ని మాటలు తెలియలేదు, కోంట పిల్లలను అడిగి తెలుసుకున్నారు.

మధ్యాహ్నం మాసబ్‌ట్యాంక్‌లో గిరిజన మ్యూజియానికి వెళ్లాం. నీళ్లు పోసుకునే బుర్ర కనిపించగానే మా పిల్లలు "సొరకాయ బుర్ర" అన్నారు, కోంట పిల్లలు "తుంబా" అన్నారు. అవ్వ మాత్రం దాని కోయ పేరు చెప్పి, ఎట్లా చేస్తారో చెప్పింది. కాయ తీగ మీదే బాగా ముదరాలి. కోసి ఎండబెట్టి, తొడిమ దగ్గర రంధ్రం చేసి నీళ్లు పోయాలి. లోపలి గుజ్జు నాని కుళ్లితే గులకరాళ్లు వేసి గిలకొట్టి గింజలు తీసేయాలి. పొద్దున్నుంచి రోడ్డు దాటేప్పుడల్లా మేమే అవ్వ చెయ్యి పట్టుకుని నడిపించాం. అక్కడ మాత్రం అవ్వే ముందు నడిచింది. నర్సింగ్ పిల్ల ఫోన్ తీసి అదంతా రికార్డు చేసింది.

సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద కుమ్రం భీం విగ్రహం చూసి కూర్చున్నాక ఆ పిల్ల మా పక్కకొచ్చి, "పెద్దమ్మా, హాస్టల్లో మమ్మల్ని కోయ ఎందుకు మాట్లాడనివ్వలేదు?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. ఉపాధ్యాయ శిక్షణలో మేము నేర్చుకున్న మొదటి సూత్రం, తెలిసినదాని నుంచి తెలియనిదానికి తీసుకెళ్లాలని. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఏ అధికరణ చెబుతోంది. రెండూ పరీక్షలో రాశాం, మార్కులు తెచ్చుకున్నాం. మన పిల్లల దగ్గరికొచ్చేసరికి మరిచిపోయాం.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, తెలుగు బాగా నేర్చుకోండి, ఇంగ్లీషూ నేర్చుకోండి. ఉద్యోగానికి అవి కావాలి. కానీ చింతూరు మేనత్తతో, కోంట బావతో, మీ అవ్వతో కలిపి మాట్లాడాలంటే మీకున్నది కోయే. 2011 జనగణనలో కోయను మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 4 లక్షలకు పైనే. 2027 జనగణనకు మీ గూడేనికి వచ్చినవాళ్లు మాతృభాష అడిగితే కోయ అని చెప్పండి, అట్లాగే రాశారో లేదో చూడండి. చేతిలో ఫోన్ ఉంది, ఇంట్లో అవ్వ ఉంది. ఈ సెలవుల్లో ఒక్కో కథ, ఒక్కో పనిముట్టు పేరు, చేసే తీరు రికార్డు చేసి పెట్టుకోండి.

మా హాస్టల్లో "కోయ వద్దు" అనే మాట మానేశాం. శనివారం రాత్రి భోజనాలయ్యాక పిల్లలు కోయలోనే కథలు చెప్పుకుంటున్నారు. కోయ రాని పిల్లలు ఎక్కువమందే ఉన్నారు, తోటివాళ్ల దగ్గర నేర్చుకుంటున్నారు. వాళ్ల తప్పులకు మేము నవ్వం. మా తప్పుకు వాళ్లు నవ్వలేదు కదా.