గృహమునందు నిత్యకృతజ్ఞత

(ప్రత్తిపాడులో జరిగిన సంఘ వార్షిక మహాసభయందు చదువబడిన ఉపన్యాసము)



విద్య, వివాహము, వ్యవసాయము మొదలగు గొప్ప విషయములను గూర్చి పెద్దలు ఈ వేదికమీదనుండి ప్రసంగించి యున్నారు. మాకు నియమింపబడిన విషయము చూపునకు మిక్కిలి చిన్నది. ఇంటిలో ఒకరు చేసిన మేలును ఒకరు దినదినమును గుర్తించుట యెట్లు, ఆ గుణమును బిడ్డలకు నేర్పుట యెట్లు అనునదియే ఆ విషయము. దీనికి సభ యేల యని కొంద రనుకొనవచ్చును. కాని యింటిలో లేని గుణము సంఘమున నుండజాలదు. సంఘమనునది యిండ్ల మొత్తమే గదా!

మనము కూడిన యీ గ్రామము పేరులోనే ప్రత్తి యున్నది. గుంటూరునకు దక్షిణముననున్న యీ నల్లరేగడి నేలలలో ప్రత్తియు మిరపయు పండించి బ్రదుకువారము మనము. ప్రత్తిచేను ఎరిగినవారికి ఒక సంగతి తెలియును. పంట యంతయు ఒక్కదినమున చేతికి రాదు. ఒడి కట్టుకొని, సాలువెంట నడచి, విచ్చిన కాయ విచ్చినట్లు పలుమారులు ఏరవలయును. మిరపయు నట్టిదే, ఒక్కొక్క కాయయు ఒక్కొక్కమారు చేయి చాచి కోసినదే. ఇంటి సుఖమును ఇట్లే కూడుచున్నది. అది యెవరో యొకరు ప్రతిదినమును చేసిన చిన్న పనుల కుప్ప. కుప్పను చూచి సంతోషించుట సులభము. ఏరిన చేతిని జ్ఞప్తియందుంచుకొనుటయే కృతజ్ఞత.

ఈ గుణము మన పెద్దలకు క్రొత్త గాదు. ఏరువాక పున్నమనాడు ఎద్దులను కడిగి అలంకరించిరి. కనుమనాడు పశువులను పూజించిరి. మనుష్యుడు పుట్టుటతోడనే దేవతలకును, ఋషులకును, పితరులకును ఋణపడి యున్నాడని వేదము చెప్పినది. శతపథ బ్రాహ్మణము నాలుగవ ఋణమును గూడ పేర్కొన్నది. అది తోడి మనుష్యుల ఋణము. యజ్ఞముచే దేవఋణమును, అధ్యయనముచే ఋషిఋణమును, సంతానముచే పితృఋణమును తీరునట్లే, ఈ నాలుగవది ఆశ్రయమిచ్చుటచేతను అన్నము పెట్టుటచేతను తీరునట. కిష్కింధాకాండములో మేలు మరచి భోగములందు మునిగిన సుగ్రీవుని లక్ష్మణుడు నిలదీసి, తక్కిన పాపములకు ప్రాయశ్చిత్తము గలదు గాని కృతఘ్నునకు లేదని హెచ్చరించినాడు.

ఇంత తెలిసినను మనయందొక లోపము గలదు. దూరపు మేలును తలచుట మనకు తెలియును. దగ్గరి మేలు మన కంటికి ఆనదు. 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్టను కట్టించిన ఆర్థరు కాటను దొరను గోదావరీ తీరవాసులు నేటికిని భక్తితో స్మరించుచున్నారు. ఊరూర విగ్రహములు నిలిపినారు. అది మెచ్చదగినదే. కాని యేటినీరు తెచ్చినవానికి విగ్రహము నిలుపు మనము, కడవతో నీరు తెచ్చి కుండ నింపిన యిల్లాలికి ఒక మంచిమాటయైన చెప్పుటలేదు. ఏడాదికొకనాడు ఎద్దుమెడలో దండ వేయుదుము. మూడువందల అరువదియైదు దినములును వండి పెట్టిన చేయి యెవరిదని యడుగము. విందు ముగిసినపిమ్మట “అన్నదాతా సుఖీభవ” అనుట మన మర్యాద. అన్నదాత యెవరు? ధాన్యము కొన్న యజమానుడా? పండించిన రైతా? నాటిన కూలియా? పొయ్యిదగ్గర నిలిచి వండిన యామెయా? దీవెన యజమానునకు చేరుచున్నది. పొగ మాత్రము ఆమెకు మిగులుచున్నది.

ఇది మాట వరుసకు చెప్పినది గాదు. జాతీయ గణాంక కార్యాలయమువారు 2019లో దేశమంతట ప్రజలు దినమును ఎట్లు గడుపుచున్నారో లెక్కించిరి. వేతనములేని యింటిపనిలో పాల్గొను స్త్రీ దినమునకు 299 నిమిషములును, పురుషుడు 97 నిమిషములును ఆ పనికి వెచ్చించుచున్నారని తేలినది. అనగా ఆమెకు ఇంచుమించు అయిదు గంటలు. ఆయనకు గంటన్నరకు కొంచెము పైన. బిడ్డలను, ముసలివారిని కనిపెట్టి యుండుట ఇందులో చేరలేదు. దాని లెక్క వేరు. కావున ఇంటిలో కృతజ్ఞత యనగా మొదట ఈ లెక్కను కన్ను తెరచి చూచుట.

“మనవారికి మనము వందనములు చెప్పుకొనుట యేమి? అది పరాయివారి మర్యాద గదా!” యని పెద్ద లనుచుందురు. ఇందులో సత్యము లేకపోలేదు. తల్లి అన్నము వడ్డించినప్పుడెల్ల బిడ్డ లేచి నమస్కరించినచో ఆమెయే నొచ్చుకొనును. తెలుగింట కృతజ్ఞత మాటలో కంటె పనిలో నెక్కువ పలుకును. అయినను మౌనము రెండు విధములు. తెలిసి మౌనముగా నుండుట యొకటి. తెలియకయే మౌనముగా నుండుట రెండవది. ఏండ్లు గడచినకొలది మొదటిది రెండవదిగా మారిపోవును. కావున వందనముల మాట వలదు. చేసిన పనిని పేరుపెట్టి చెప్పిన చాలును. “రాత్రి బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు నీవు తెల్లవార్లు మేలుకొంటివి” అని భర్త భార్యతో ననవచ్చును. “ఎండలో నడచి వచ్చినావు నాయనా, ముందు కాళ్లు కడుగుకొనుము” అని తల్లి కొడుకుతో ననవచ్చును. “అత్తయ్యా, మీరు పిల్లవానిని చూచుకొనబట్టి నేను చేనికి పోగలిగితిని” అని కోడలనవచ్చును. ఆ కోడలితోనే “అమ్మాయీ, నీవు వచ్చినపిమ్మట నా నడుమునకు విశ్రాంతి దొరకినది” అని అత్త యనవచ్చును. ఇందులో పరాయితన మేమున్నది?

2003లో రాబర్టు ఎమ్మన్సు, మైకేలు మెకల్లో అను అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు ఒక పరీక్ష ప్రకటించిరి. పదివారములపాటు వారమున కొకమారు తమకు కలిగిన మేళ్లను కొన్నింటిని వ్రాసికొన్నవారు, చికాకులను వ్రాసికొన్నవారికంటె తమ జీవితమును గూర్చి తృప్తిగా నుండిరని అందు తేలినది. మేలు హెచ్చినది గాదు, చూపు మారినది. మన ముత్తవ్వలు ప్రొద్దుట భూదేవికి మ్రొక్కి కాలు క్రింద మోపినప్పుడు చేసినదియు ఈ చూపును సవరించుకొనుటయే.

ఇక బిడ్డల సంగతి. తలిదండ్రులలో కొందరు కృతజ్ఞతను నేర్పుటకు మారుగా వసూలు చేయ జూచుచున్నారు. “నిన్ను కని పెంచితిమి, పొలము తాకట్టుపెట్టి చదివించితిమి, నీవు మాకేమి చేసితివి?” అని పరీక్షలో మార్కులు తగ్గిననాడు పద్దు విప్పుచున్నారు. ఆ మాట విన్న పసివాడు కృతజ్ఞుడు కాడు, ఋణగ్రస్తు డగును. ఋణగ్రస్తుడు అప్పులవానిని ప్రేమింపడు, తప్పించుకొని తిరుగును. ఉత్తరకాండములో శ్రీరాముడు హనుమంతునితో నన్నమాట యొకటి యిచట తలపదగినది. నీవు చేసిన యుపకారము నాలోనే జీర్ణించిపోవుగాక, దానికి బదులు చేయు నవసరము నాకు రాకుండుగాక, ఏలయనగా ఆపద వచ్చినవానికే ప్రత్యుపకారము కావలసివచ్చును అని దాని భావము. మేలు చేసినవానికి కష్టము రావలెనని కోరని కృతజ్ఞత యది. తలిదండ్రుల ఋణము వెనుకకు తీర్చునది గాదు, ముందునకు నడిపించునది. మనము మన బిడ్డలకు చేయుచున్నది మన తలిదండ్రులు మనకు చేసినదానికి చెల్లింపు. కనుక బిడ్డలకు పద్దు వ్రాయ నక్కరలేదు. ఆ పద్దు మనమీద ఇదివరకే వ్రాయబడి యున్నది.

అట్లయిన బిడ్డలకు నేర్పు టెట్లు? చెవితో వినుటకంటె కంటితో చూచి పిల్లలు నేర్తురు. తండ్రి తల్లితో మాటాడు తీరును చూతురు. ఇంటికి వచ్చిన చాకలితో, మంగలితో, పాలేరుతో ఇంటిపెద్ద పలుకు తీరును చూతురు. బిడ్డ నీళ్లచెంబు తెచ్చి యిచ్చినప్పుడు తండ్రి ఆ చెంబును చూచునా, బిడ్డను చూచునా యని కూడ వారు చూతురు. మనకు బిడ్డలు చేయు మేలు తక్కువది గాదు. వారి ప్రశ్నలవలన మనము మరల చదువుచున్నాము. వారు చూతురన్న భయముచే అబద్ధము మానుచున్నాము. పెద్దలు పిన్నలకు కృతజ్ఞు లగుట చిన్నతనము కాదు.

మన యిండ్లకు వెలుపలి చేతులను గూర్చియు చెప్పక తీరదు. మిరపకోతల కాలమున కర్నూలు ప్రాంతపు పల్లెలనుండి కుటుంబములు కుటుంబములే గుంటూరు సీమకు పనికి వచ్చుచున్నవి. చేలదగ్గర గుడారములు వేసికొని, ఘాటునకు కన్నులు మండుచుండగా, చేతులు భగ్గుమనుచుండగా కాయ కోయుచున్నారు. వారితో వచ్చిన పిల్లలు తమ యూరి బడిని విడిచి వచ్చినవారు. ఆ కాయ అమ్మిన పైకముతో మన పిల్లలు పట్టణములలో చదువుచున్నారు. ఈ రెండు వాక్యములను ప్రక్కప్రక్కన నుంచి చదివిన గృహస్థునకు నిద్రపట్టుట కష్టము. ఇట్టివారియెడ కృతజ్ఞత తీపిమాటలతో తీరదు. చెప్పిన కూలి చెప్పినదినమున నిచ్చుట, త్రాగుటకు మంచినీరు, నిలుచుటకు నీడ, వారి పిల్లలను దగ్గరి బడికి పంపు ప్రయత్నము: ఇవియే దాని రూపములు.

ఒక హెచ్చరిక. కృతజ్ఞతను ఇతరుల నోరు మూయుటకు వాడరాదు. “అన్నము పెట్టుచున్నాము, పడియుండుము” అని కోడలితో ననుటయు, “పని యిచ్చితిమి, కూలి మాట యెత్తకుము” అని కూలివానితో ననుటయు కృతజ్ఞత నేర్పుట గాదు. అది మేలుకు వడ్డీ లాగుట. కృతజ్ఞత మనము ఇతరులకు చెల్లించునదే గాని ఇతరులనుండి రాబట్టునది గాదు. ఈ యొక్క భేదమును మరచినచో ఈ గుణమే యింటికి చెరుపగును.

మఱియు, పంట పోయిన యేట కృతజ్ఞత యెట్లు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పక ఈ గడ్డమీద ఈ విషయము మాటాడుట తగదు. 1987-88 సంవత్సరమున తెల్లదోమ సోకి గుంటూరు, ప్రకాశము జిల్లాలలో ప్రత్తి నాశనమైనది. అప్పుల పాలైన రైతులు పలువురు ప్రాణములు తీసికొనిరి. అట్టివానితో “ఉన్నదానికి సంతసింపుము” అనుట క్రూరత్వము. అతనికి కావలసినది ఉపదేశము గాదు. అప్పునకు వాయిదా, విత్తనమునకు సాయము, ప్రక్కన కూర్చుండు మనిషి. అది సంఘము చేయవలసిన పని. కాని ఇల్లు చేయదగిన పనియు నొకటి గలదు. పండిననాడు మాత్రమే రైతును మెచ్చు నింటిలో, ఎండిననాడు అతడు తన్ను తాను పనికిరానివానిగా నెంచుకొనును. పంటను గాక పాటును మెచ్చు నలవాటు మంచియేళ్లలోనే వేరూనిన యింటిలో, చెడ్డయేట భార్యాబిడ్డలు “నీ కష్టము మేము చూచితిమి, పురుగు తిన్నది పంటను గాని నిన్ను గాదు” అనగలరు. ఆ మాట ఆనాడు పుట్టునది గాదు. ఏండ్లతరబడి పలికిన నోటనే అది వచ్చును. నిత్యకృతజ్ఞతవలన ప్రయోజన మేమని యడిగినవారికి మా సమాధాన మిదియే.

ఇందుకు గొప్ప వ్రతము లక్కరలేదు. మూడు చిన్న నియమములను మనవి చేయుచున్నాము. రాత్రి భోజనమువేళ ఇంటిలోని ప్రతివారును ఆ దినమున తనకు మేలు చేసిన యొకరి పేరును, ఆ మేలును ఒక్కమాటలో చెప్పవలెను. ఇంటివారైనను, బస్సు నడపినవాడైనను సరే. వారమున కొకనాడైన ఇంటిపెద్ద వంటపని చేపట్టి, ఆ పని బరువెంతయో తన చేతులతోనే తెలిసికొనవలెను. పాలేరునకు, కూలివానికి ఇయ్యవలసినది ఇచ్చినపిమ్మటనే పండుగబట్టలు కొనవలెను. సంఘమువారి వేతనముతో చదివిన విద్యార్థులకు నాలుగవ నియమము: మీకు సాయపడిన పోషకునకు జాబు వ్రాయుడు, అంతకంటె ముఖ్యముగా, మీవంటి మరియొక బీదవిద్యార్థికి, అతడు మన సంఘమువాడు కాకపోయినను, చేయూత నిండు.

 పందిటివెనుక తెల్లవారకముందే పొయ్యి ముట్టించి మనకందరకు వండుచున్న స్త్రీపురుషులు ఈ యుపన్యాసమును వినలేదు. భోజనమునకు లేచినప్పుడు మన మందరమును వారియొద్దకు పోయి, వారి పేర్లడిగి, వారు చేసిన వంటను గూర్చి రెండుమాటలు వారితోనే చెప్పుదము. సెలవు.