వయ్యారిభామను పీకడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు

(పెనుకొండ మండల రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర గురించి, పంటల బీమా గురించి ఇంతసేపు పెద్దలు మాట్లాడినారు. మేము తెగులు గురించి నాలుగు మాటలు చెబుతాం. పంట ఇంటికి చేరితేనే కదా ధర సంగతి.

2000వ సంవత్సరం ఖరీఫ్ మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వాన పడింది, శెనక్కాయ బాగా మొలిచింది. నెల తిరిగే లోపల లేత ఆకుల మీద గోధుమరంగు మచ్చలు లేచినాయి. ఆ మాడు ఆకు నుంచి కాడకు, కాడ నుంచి కాండానికి దిగి చెట్లు నిలువునా ఎండిపోయినాయి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో సుమారు 2,25,000 హెక్టార్లలో, అంటే ఐదున్నర లక్షల ఎకరాలలో పంట దెబ్బతిన్నది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని శాస్త్రవేత్తలు లెక్క కట్టినారు. అప్పటి 300 కోట్లు, ఇప్పటివి కావు.

చూస్తే అది మనకు పాత పరిచయమైన మొవ్వుకుళ్ళు తెగులు మాదిరే ఉండింది. అంగళ్ళలో బూజు తెగులు మందులు ఇచ్చినారు, పురుగు మందులు ఇచ్చినారు. డబ్బాలు ఖాళీ అయినాయి, చేను మాత్రం నిలబడలేదు.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థలో డాక్టర్ డి.వి.ఆర్. రెడ్డి, ఎ.ఎస్. రెడ్డి, జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థకు చెందిన ఆర్.డి.వి.జె. ప్రసాదరావు, వాళ్ళ సహచరులు ఈ రోగాన్ని పరీక్షించి, ఇది మొవ్వుకుళ్ళు కాదని తేల్చినారు. దీని పేరు టొబాకో స్ట్రీక్ వైరస్. మొదట పొగాకులో కనబడింది కాబట్టి ఆ పేరు. మన భాషలో కాండం కుళ్ళు వైరస్ తెగులు అంటున్నాం. దీనికి మూడేళ్ళ ముందు, 1997లో, మన పక్కనే ఉన్న కర్ణాటక బాగేపల్లి దగ్గర పొద్దుతిరుగుడు చేలు మాడిపోయినాయి. అదీ ఈ వైరస్ పనే అని తర్వాత తేలింది. పెనుకొండ నుంచి బాగేపల్లి ఎంత దూరమో మీకు చెప్పనక్కరలేదు.

ఈ వైరస్ మన చేలోకి ఎట్లా వస్తుందో అర్థం చేసుకుంటే సగం పని అయినట్టే. విత్తనంలో రాదు. వయ్యారిభామలో, అదే కాంగ్రెస్ గడ్డిలో దాక్కుని ఉంటుంది. ఆ మొక్క మీద మచ్చ ఉండదు, మాడు ఉండదు, పచ్చగా నవనవలాడుతూ పూత పూస్తుంది. ఆ పూత పుప్పొడిలో వైరస్ ఉంటుంది. పూలల్లో తిరిగే తామర పురుగుల ఒంటికి పుప్పొడి అంటుకుంటుంది, గాలికి కూడా కొట్టుకొస్తుంది. అది శెనక్కాయ ఆకు మీద పడినప్పుడు, తామర పురుగు ఆకును గీకి రసం పీల్చిన గాయం గుండా వైరస్ లోపలికి పోతుంది. వైరస్ ఒకచోట, మోసే పుప్పొడి ఒకచోట, దారి చేసే పురుగు ఒకచోట. ఈ మూడూ కలిస్తేనే రోగం.

బూజు తెగులుకు మందు కొడితే బూజు చస్తుంది. చెట్టులోకి దిగిన వైరస్‌ను చంపే మందు ఏ అంగట్లోనూ లేదు. తిక్క మచ్చ, మొదలుకుళ్ళు, తుప్పు ఇవన్నీ బూజు తెగుళ్ళు. మొవ్వుకుళ్ళు, కాండం కుళ్ళు వైరస్ తెగుళ్ళు. ఏది ఏదో తెలియకుండా డబ్బా కొనొద్దు. చెట్టును పీకి రైతు సేవా కేంద్రానికో, కదిరి పరిశోధనా కేంద్రానికో తీసుకుపోయి చూపించండి.

మరి తట్టుకునే విత్తనం లేదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. శాస్త్రవేత్తలు సాగు రకాలనూ, అడవి జాతి వేరుశనగలనూ ఈ వైరస్‌కు గురిచేసి చూసినారు. గట్టిగా తట్టుకునే గుణం అడవి జాతుల్లో కొన్నింటిలో దొరికింది. దాన్ని మన కాయలోకి తీసుకురావాలంటే ఏళ్ళ తరబడి సంకరం చేయాలి. ఆ పనికి లాభం చూసుకునే కంపెనీ ముందుకు రాదు. శెనక్కాయ రైతు తన కాయనే మళ్ళీ విత్తుకుంటాడు, ప్రతి ఏటా కొనడు. కాబట్టి ఆ పని ప్రభుత్వ పరిశోధనా కేంద్రాలే చేయాలి. కదిరి-6, కదిరి లేపాక్షి ఇచ్చింది అట్లాంటి కేంద్రమే.

పరిశోధనకు ఓపిక పడితే ఏమొస్తుందో ఇంకో మాట చెబుతాం. బూజుకు కూడా వైరస్ పడుతుందని మీలో ఎందరికి తెలుసు? యూరప్‌లో చెస్ట్‌నట్ అనే కాయల చెట్లను ఒక బూజు తెగులు చంపుతూ వచ్చింది. 1950ల తర్వాత ఇటలీలో, ఫ్రాన్స్‌లో కొన్ని చెట్లు పుండ్లతోనే కోలుకోవడం చూసినారు. ఆ బూజుకే వైరస్ పట్టి బలహీనపడిందని తేలింది. అప్పుడు బలహీనపడిన బూజును తెచ్చి చెట్లకు పూసి చెట్లను కాపాడుకున్నారు. చైనాలో హువాజోంగ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఆవ జాతి పంటను కుళ్ళబెట్టే బూజులో అట్లాంటి వైరస్‌నే కనుక్కొని 2010లో ప్రకటించినారు. మన శెనక్కాయ మొదట్లో తెల్లటి బూజు పట్టి, ఆవగింజల్లాంటి గుళ్ళు కట్టే కుళ్ళు ఉంది కదా. అది వేరే జాతి బూజు. దాని మీద అట్లాంటి పని మన నేలలో, మన చేలల్లోనే జరగాలి. అది అడిగి తెచ్చుకోవాల్సింది మనమే.

ఆ విత్తనం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేం. చేను చుట్టూ జొన్న గానీ సజ్జ గానీ నాలుగు సాళ్ళకు తగ్గకుండా దట్టంగా వేయాలి. గాలికొచ్చే తామర పురుగులను అది అడ్డుకుంటుంది. విత్తన శుద్ధి మానొద్దు, మందు మోతాదు కదిరి కేంద్రం వాళ్ళను అడగండి. శెనక్కాయ పక్కన పొద్దుతిరుగుడు వేయొద్దు. చేను పలచన కాకుండా విత్తనం సరిపడా వేయండి.

వీటన్నిటికన్నా ముఖ్యం వయ్యారిభామ. మన చేలో గట్లు శుభ్రం చేసుకున్నా, పక్క బీడులో, రోడ్డు వార, చెరువు కట్ట మీద, బడి ఆవరణలో అది పూస్తూ ఉంటే ఏం లాభం? పుప్పొడికి సర్వే నంబర్లు తెలియవు. ఒక్కో మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. మొలిచిన నెలా రెండు నెలల్లో పూతకొస్తుంది. పూత రాకముందే, నేల తడి మీద ఉన్నప్పుడు వేర్లతో పీకాలి. ఒంటికి తగిలితే దురద, దద్దుర్లు, కొందరికి ఆయాసం కూడా వస్తాయి. చేతికి తొడుగులు, ముక్కుకు గుడ్డ లేకుండా ఆడకూతుళ్ళను ఆ పనిలోకి దించొద్దు. ఈ మొక్కను తినే మెక్సికో పెంకు పురుగును 1984లో బెంగళూరులో వదిలినారు. అది వానాకాలంలో కొంత సాయం చేస్తుంది, అన్నీ అదే తినేస్తుందని నమ్ముకోవద్దు.

అందుకే ఈ సదస్సు ముందు నాలుగు కోర్కెలు పెడుతున్నాం.

1. తొలకరి వానలు పడిన వెంటనే రోడ్డు వారలు, చెరువు కట్టలు, ప్రభుత్వ బీళ్ళలో వయ్యారిభామ తొలగింపును ఉపాధి హామీ పనుల్లో చేర్చాలి. తొడుగులు ప్రభుత్వమే ఇవ్వాలి.

2. పెనుకొండ, హిందూపురం, ధర్మవరం రైతులకు అందుబాటులో తెగులు నిర్ధారణ పరీక్ష పెట్టాలి. ఫలితం చేను మాడకముందే చేతికి రావాలి.

3. వాన లెక్క మీదే నడిచే బీమాలో వైరస్‌తో పోయిన పంట లెక్కకు రాదు. తెగులు నష్టానికీ పరిహారం ఉండాలి.

4. కదిరి కేంద్రంలో ఖాళీలు ఉంటే నింపి, తెగులు తట్టుకునే రకాల పనికి ఏటా నిధులు ఇవ్వాలి.

ప్రభుత్వం చేసేదాకా ఆగకుండా మన పని మనం మొదలుపెడదాం. ప్రతి గ్రామ కమిటీ తొలకరి తర్వాత ఒక ఆదివారం పెట్టుకోవాలి. ఇంటికొకరు రావాలి, భూమి లేని కూలీలను పిలిస్తే కూలి ఇచ్చి పిలవాలి. ఏ ఊరు ఎన్ని గట్లు, ఎన్ని బీళ్ళు శుభ్రం చేసిందో రాసి పత్రికకు పంపండి. ఆ కాగితాలు పట్టుకునే అధికారుల దగ్గరికి పోదాం. మేం మా వంతు చేసినాం, మీ వంతు ఎక్కడ అని అప్పుడు గట్టిగా అడగొచ్చు.

సెలవు.