ఇల్లు పోకుండ షెడ్డు పెట్టనీయండి
(సంగారెడ్డిలో కార్యకర్తల ముందు చేసిన ప్రసంగ పాఠం)

 

"ఫలానాయన ఐ.పి. పెట్టిండు" అంటే మన ఊళ్లల్ల అది తిట్టు. ఐ.పి. అంటే దివాలా పిటిషన్. అప్పు తీర్చలేనివాడు కోర్టుకు చెప్పుకునేందుకు 1920 చట్టం ఇచ్చిన హక్కు. అయితే దివాలాదారు అని తేల్చినంక, కోర్టు విముక్తి ఇచ్చేదాక సర్పంచికే కాదు, వార్డు మెంబరుకు సుత పోటీ చేయరాదు. రిజర్వుడు సీటైనా సరే.

పెద్దోళ్ల సంగతి వేరు. వాళ్లది కంపెనీ. 2016 దివాలా స్మృతి కింద మొదట తెగిన కేసు హైదరాబాద్ ట్రిబ్యునల్‌దే. 2017లో సినర్జీస్ డూరే కంపెనీకి సుమారు 972 కోట్ల బాకీ ఉంటే, అప్పిచ్చినోళ్లకు దక్కింది సుమారు 54 కోట్లు.

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం లేతుల మీద మన పిల్లల చేతులు తిరిగినయి. మరి సొంత షెడ్డు ఎందుకు పెట్టరు? తెలివి లేక కాదు. మనోని వ్యాపారానికీ, ఇంటికీ మధ్య గోడ లేదు. షెడ్డు మునిగితే తాకట్టు పెట్టిన తల్లి ఇల్లు పోతది. 2002 సర్ఫేసీ చట్టంతో బ్యాంకు దావా వేయకుండానే తాకట్టు ఆస్తి మీద పడొచ్చు.

అమెరికాలో టెక్సాస్, ఫ్లోరిడా వంటి రాష్ట్రాల్లో ఇంటి విలువ ఎంతున్నా, మామూలు అప్పులోళ్లు దాన్ని ముట్టరాదు. అట్లాంటి చోట సొంతిల్లున్న కుటుంబాలకు సొంత వ్యాపారం ఉండే అవకాశం 35 శాతం ఎక్కువని 2003లో వెయ్ ఫాన్, మిషెల్ వైట్ లెక్క తేల్చారు. కానీ అక్కడనే చిన్న వ్యాపారికి అప్పు పుట్టడం కష్టమైందని కూడా తేలింది. అందుకే రెండూ అడగాలె: ఇంటికి రక్షణ, తాకట్టు లేని అప్పు. షెడ్డు ఎక్కడ లేస్తదో రోడ్డు, కరెంటు మాత్రమే నిర్ణయించవు.

2016 స్మృతిలో పేదలకు కొత్త ఆరంభం అని ఒక అధ్యాయం రాశారు. ఏడాది ఆదాయం 60 వేలు, ఆస్తి 20 వేలు, అప్పు 35 వేలు దాటొద్దంట. సొంతిల్లు అసలే ఉండొద్దంట! ఇందిరమ్మ ఇల్లొచ్చినోడూ అనర్హుడే. 2019లో వ్యక్తుల దివాలా నియమాలను కంపెనీల అప్పులకు పూచీ పడ్డోళ్లకు మాత్రమే అమలు చేసి, పేదల అధ్యాయాన్ని పక్కకు పెట్టారు.

మనం అడిగేది దానం కాదు. ఆ హద్దులు పెంచాలె. ఉన్న ఒక్క ఇల్లు కాపాడాలె. విచారణ హైదరాబాద్‌లో కాదు, సంగారెడ్డి కోర్టులోనే జరగాలె. దివాలా తీసినోడికి పోటీ హక్కుండాలె.

అంతదాక ఒక్క పని చేద్దాం. బ్యాంకు కాగితం మీద సంతకం పెట్టే ముందు, ఇల్లు తాకట్టు లేకుండ 2000లో పెట్టిన చిన్న పరిశ్రమల గ్యారంటీ నిధి కింద అప్పు ఇస్తరా అని అడుగుదాం. ఒక్కరం కాదు, పదిమందిమి పోయి అడుగుదాం. కాదంటే ఎందుకు కాదో రాసిమ్మందాం.