ఊపిరి బిగబట్టరాదు

గోదావరి నీటిని తాడేపల్లిగూడెము మీదుగా ఏలూరునకు తెచ్చు కాలువలో ఈత నేర్చినవారము మేము. మునిగినపుడు ఊపిరి బిగబట్టవలెననునది పెద్దలు నేర్పిన తొలిపాఠము. కొల్లేటి అడుగున చిక్కుకొన్న వలను విడదీయ మునుగు జాలరియు అట్లే చేయును. లోతు తక్కువగు ఆ సరస్సున ఆ పాఠము చాలును. గాలి నింపిన సిలిండరును వీపున కట్టుకొని సముద్రమున దిగువానికి మాత్రము అదియే ప్రాణాపాయము.

విజయనగరము జిల్లా చింతపల్లికి ఎదురుగా సముద్రమున శిలలు దాగియున్నవి. భీమునిపట్నము పోవు ఓడలు వానిని తాకకుండుటకై 1847లో కొండపై దీపస్తంభము నెలకొల్పిరి. ఓడలు జంకిన ఆ తీరముననే నేడు స్కూబా డైవింగు సాగుచున్నది. లక్షద్వీపములలోవలె ఇచట నీరు నిర్మలము కాదు. మట్టి కలిసి చూపు ఆనదు. మాఘ ఫాల్గుణములలో ఉత్తరమునకును, కార్తిక మార్గశిరములలో దక్షిణమునకును ప్రవాహము సాగును. దానికి ఎదురీదినవాని గాలి శీఘ్రముగా తరిగిపోవును, మనస్సు కలవరపడును, తటాలున పైకి పోవలెనని తోచును. అపాయము అచటనే యున్నది.

1943లో ఫ్రాన్సు దేశమున కూస్తో, గాన్యాన్ అను నిరువురు రూపొందించిన రెగ్యులేటరు, చుట్టునున్న నీటి ఒత్తిడికి సమముగా గాలి నొసగును. ప్రతి 10 మీటర్ల లోతునకు ఒక వాతావరణపు ఒత్తిడి పెరుగును. కావున 20 మీటర్ల లోతున ఒత్తిడి ఒడ్డుననున్న దానికి మూడింతలు. అచట నిండుగా పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వచ్చినచో, ఆ గాలి మూడింతలుగా ఉబ్బి ఊపిరితిత్తులను చీల్చును. కాలువలో మునుగువాడు ఒడ్డు గాలినే లోనికి కొనిపోవును. అది లోతున కుంచించి, పైకి రాగానే మునుపటంత యగును. భేద మిదియే.

మరియొకటి. లోతున నత్రజని రక్తమున కరగును. త్వరపడి పైకి వచ్చినచో, మూత తీసిన గోలీసోడావలె అది బుడగలుగా పొంగి కీళ్లను, నరములను బాధించును. అందుచే నిమిషమునకు 9 మీటర్లకు మించక పైకి వచ్చి, 5 మీటర్ల యొద్ద 3 నిమిషములు ఆగుట ఆచారము.

తొలిసారి దిగినపుడు ముసుగులోనికి నీరు చేరగా, మేమును కాలువ అలవాటున ఊపిరి బిగించి పైకి తన్నుకొంటిమి. శిక్షకుడు మా భుజము పట్టి ఆపి, నోటినుండి బుడగలు వెలువడువరకు విడువలేదు. ఆ పట్టు వలననే నేడు మీతో మాటలాడుచున్నాము.

మీ యింటి పిల్లలు ఈ విద్యకు పోదలచినచో వారింపకుడు. ఉబ్బసమున్నచో వైద్యుని అడుగుడు, జలుబున్ననాడు మానిపింపుడు, శిక్షకుడు లేక దిగనీయకుడు. కాలువలో ఊపిరి బిగబట్టుమని నేర్పినవారము మనమే. సముద్రమున విడువుమనియు మనమే చెప్పవలెను.