జటాయువు నేర్పిన పాఠం
(ఆలయ కల్యాణమండపంలో తల్లిదండ్రులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



స్వామి సన్నిధిలో నేడు ఒక పురాణగాథతో పాటు నేను చేసిన ఒక తప్పును కూడా మీకు విన్నవించుకుంటాను.

మా మనుమడికి తొమ్మిదేళ్లు. ఒకనాడు బడి నుండి వచ్చి, "తాతయ్యా! మా తరగతిలో ఒక అబ్బాయికి మాట తడబడుతుంది. నలుగురు చేరి వాణ్ణి వెక్కిరిస్తున్నారు. అన్నం డబ్బా దాచేస్తున్నారు. నేనేం చెయ్యాలి?" అని అడిగాడు. చేతిలోని పుస్తకం నుండి తల ఎత్తకుండానే, "మనకెందుకు నాయనా! నీ చదువు నువ్వు చదువుకో" అన్నాను.

ఆ సాయంకాలమే ఆలయంలో అరణ్యకాండ ప్రవచనం. జటాయువు త్యాగాన్ని గద్గదకంఠంతో వర్ణించాను. ఇంటికి నడిచి వస్తుండగా వాడు మెల్లగా అడిగాడు: "తాతయ్యా, జటాయువుకు 'మనకెందుకు' అని చెప్పే తాతయ్య లేడా?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గ్రంథం మరల తెరిచాను.

లేపాక్షిని దర్శించినవారు జటాయువు కథను అక్కడి స్థలపురాణంగా వినే ఉంటారు. అందులోని క్రమాన్ని గమనించండి. చెట్టుపై నిద్రిస్తున్న జటాయువు సీతమ్మ ఆక్రందన విని మేల్కొన్నాడు. వెంటనే రావణునిపై పడలేదు. తానెవరో చెప్పుకొని, పరస్త్రీని అపహరించడం అధర్మమని హితవు పలికాడు. మాట చెల్లనప్పుడే యుద్ధానికి దిగాడు. అంతకు ముందే సీతమ్మ, ఈ రాక్షసుణ్ణి నీవు అడ్డగించలేవు, నా వార్తను రామలక్ష్మణులకు చేరవేయమని వేడుకొన్నది. రెక్కలు తెగి నేలకూలినా ఆ పని నెరవేరే వరకు ఆయన ప్రాణాలు నిలుపుకొన్నాడు. యుద్ధంలో ఓడిన జటాయువు వార్త చెప్పడంలో గెలిచాడు. శ్రీరాముడు ఆయనను తన తండ్రితో సమానంగా భావించి దహనసంస్కారం చేశాడు.

హితవు పలకడం, పోరాడడం, వార్త చేరవేయడం: ఇవి మూడు ధర్మాలు. వీటిలో మొదటిది, చివరిది మన పిల్లలవి. నడుమనున్న పోరాటం పెద్దలది. అరవై వేల ఏళ్ల పక్షిరాజు ఫలితం ఎరిగి తన ప్రాణం తానే పణంగా పెట్టాడు. ఆ త్యాగాన్ని పసివారి నుండి కోరే హక్కు మనకు లేదు.

అయితే ఆ చిన్న స్వరం లేచినప్పుడు మనం వింటున్నామా? కౌరవసభలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమని తప్పుకొన్నాడు. ఆమె పక్షాన లేచి పలికినవాడు ధృతరాష్ట్రుని కుమారుడైన వికర్ణుడు. కర్ణుడు అతణ్ణి తెలిసీ తెలియని పిల్లవాడని గద్దించి కూర్చోబెట్టాడు. సభలో మౌనం వహించినవారికి కూడా పాపంలో పాలు ఉంటుందని విదురుడు హెచ్చరించినా ఫలితం లేకపోయింది. మా ఇంట వికర్ణుడు లేచిన నాడు నేను కర్ణుని స్థానంలో ఉన్నాను.

మరునాడు మనుమని చేయి పట్టుకొని ఉపాధ్యాయురాలి వద్దకు వెళ్లాను. వాడు చూసినది చూసినట్లు చెప్పాడు. మధ్యాహ్నం తన డబ్బా తీసుకొని ఆ అబ్బాయి పక్కన కూర్చున్నాడట. వెక్కిరింతలు ఒక్కరోజుతో ఆగలేదు. కాని ఆ అబ్బాయి ఒంటరిగా భుజించడం మాత్రం ఆ రోజుతో ఆగింది.

కనుక పిల్లలకు ఇలా నేర్పుదాం. మాటలతో బాధిస్తున్నచోట "అలా అనకు" అని ఒక్కమాట చెప్పి, బాధపడుతున్నవారి పక్కన నిలబడమందాం. చెయ్యి లేచినచోట, ఎదుటివారు బలవంతులైనచోట అడ్డుపడక, పరుగున వెళ్లి పెద్దలను పిలవమందాం. దగ్గర పెద్దలెవరూ లేకుంటే, ఆపదలోనున్న బాలల కోసం 1098 అనే ఉచిత ఫోన్ నంబరు ఉన్నదని కంఠస్థం చేయిద్దాం. చాడీకి, మొరకు భేదం కూడా చెబుదాం. ఒకరిని దెబ్బలు తినిపించడానికి చెప్పేది చాడీ. ఒకరిని దెబ్బల నుండి తప్పించడానికి చెప్పేది మొర.

ఆ మొర ఆలకించవలసింది మనం. "మనకెందుకు" అన్న మాటను ఈనాడు స్వామి పాదాల చెంత విడిచి వెళ్దాం. పరులకై పలికే నోటిని మన పిల్లలకు, వారి పలుకు వినే చెవిని మనకు ఆ స్వామి ప్రసాదించుగాక!

స్వస్తి.